మామోగ్రామ్, అల్ట్రాసౌండ్, ఎమ్మారై: ఏది ఏం చూస్తుంది, ఏది వదిలేస్తుంది

అక్టోబర్ వచ్చిందంటే డయాగ్నస్టిక్ సెంటర్ల ప్రకటనలన్నీ గులాబీ రంగు పులుముకుంటాయి. ఒక ప్యాకేజీలో మామోగ్రామ్ ఉంటుంది, ఇంకోదాంట్లో సోనోమామోగ్రామ్, మరోచోట 3డీ మామో, ఆ పక్కనే ‘రేడియేషన్ లేదు, నొప్పి లేదు’ అంటూ థర్మల్ స్కాన్. ఖరీదైనదే మంచిదని కొందరు, రేడియేషన్ లేనిదే మంచిదని కొందరు ఏదో ఒకటి చేయించుకుని వస్తారు. ఇందులో సోనోమామోగ్రామ్ అనేది అసలు మామోగ్రామే కాదు, రొమ్ముకు చేసే అల్ట్రాసౌండ్. పోయినేడు మామో అయిపోయిందని ధీమాగా ఉన్నవాళ్లలో కొందరు చేయించుకున్నది ఇదే.

వీటిలో ఏది గొప్పదని అడిగితే రేడియాలజిస్టులు ఒక్క ముక్కలో జవాబు చెప్పరు. దాటవేయడం కాదది. ఈ యంత్రాలన్నీ ఒకే బొమ్మను కాస్త మసగ్గానో, కాస్త స్పష్టంగానో చూపేవి కావు. ఒకటి ఎక్స్‌రేను కణజాలం ఎంత అడ్డుకుంటుందో చూస్తుంది. ఒకటి ధ్వని తరంగం ఎలా తిరిగొస్తుందో వింటుంది. ఇంకొకటి రక్తనాళాల్లోంచి డై ఎంత త్వరగా బయటికి కారుతుందో గమనిస్తుంది. పైగా, ఎక్కువ కేన్సర్లను పట్టే పరీక్షే ఎక్కువ ప్రాణాలు కాపాడుతుందని ముందే అనుకోవడానికి వీల్లేదు. ఈ చివరి మాట మింగుడు పడాలంటే కొంచెం లెక్క వేయాలి. దానికి ముందు ఒక తేడా తేల్చుకోవాలి.

స్క్రీనింగ్ వేరు, గడ్డ తగిలాక చేసే పరీక్ష వేరు

ఏ బాధా లేని, ఏ గడ్డా తగలని ఆడవాళ్లకు ఓ వయసు దాటాక క్రమం తప్పకుండా చేసేది స్క్రీనింగ్. చేతికి గడ్డ తగిలినా, చనుమొన నుంచి రక్తం వచ్చినా, చర్మం లోపలికి లాగినట్టున్నా చేసేది నిర్ధారణ పరీక్ష. యంత్రం అదే, గది అదే, లెక్క మాత్రం పూర్తిగా వేరు. గడ్డతో వచ్చిన వందమందిలో కేన్సర్ ఉన్నవాళ్లు గణనీయంగా ఉంటారు. ఏమీ లేకుండా వచ్చిన వెయ్యిమందిలో వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉంటారు. అందుకే ‘మా పిన్నికి మామోలో ఏమీ కనిపించలేదు, అల్ట్రాసౌండ్‌లో బయటపడింది’ అన్న అనుభవం నిజమే అయినా, అది నిర్ధారణ గదిలోని అనుభవం. దాన్నిబట్టి ఊరందరికీ అల్ట్రాసౌండ్ చాలని చెప్పలేం.

మామోగ్రామ్: నూరేళ్లు దాటిన ఆలోచన

1913లో బెర్లిన్‌లో ఆల్బర్ట్ సాలమన్ అనే సర్జన్, ఆపరేషన్‌లో తీసేసిన రొమ్ములకు ఎక్స్‌రే తీసి, కేన్సర్ గడ్డ నీడ ఎలా పడుతుందో వివరించాడు. రొమ్ముకే ప్రత్యేకించిన యంత్రం రావడానికి మాత్రం 1960ల దాకా ఆగాల్సి వచ్చింది. నేటి మామోగ్రామ్‌లో ఒక్కో రొమ్మును రెండు పలకల మధ్య నొక్కి, పైనుంచి ఒకటి, ఏటవాలుగా ఒకటి తీస్తారు. నొక్కడం నొప్పిగానే ఉంటుంది. కానీ కణజాలం పలచగా పరుచుకుంటేనే ఒకదానిమీద ఒకటి పడకుండా కనిపిస్తుంది, రేడియేషనూ తక్కువ సరిపోతుంది. రెండు రొమ్ములకూ కలిపి అందే మోతాదు సుమారు 0.4 మిల్లీసీవర్ట్. నేల నుంచి, ఆకాశం నుంచి, గాలి నుంచి మనందరికీ ఏడాదికి సహజంగా అందేది రెండున్నర, మూడు మిల్లీసీవర్ట్‌ల దాకా ఉంటుంది. అంటే కొద్ది వారాల సహజ మోతాదు. రేడియేషన్ భయంతో మామోగ్రామ్ మానేసేవారికి ఈ అంకె ఎవరూ చెప్పరు.

మామోగ్రామ్‌కు ఇంతవరకు మరే స్కానూ సాటిరాని పని ఒకటుంది: ఉప్పుకణాల్లాంటి సన్నని కాల్షియం రేణువులను చూడటం. పాల నాళాలు దాటని తొలిదశ కేన్సర్ చాలాసార్లు ఈ రేణువుల గుంపుగానే తొలిసారి కనిపిస్తుంది. చేతికి అప్పటికి ఏమీ తగలదు.

దాని అతిపెద్ద బలహీనత కూడా ఎక్స్‌రే స్వభావంలోనే ఉంది. ఫిల్మ్ మీద కొవ్వు నల్లగా, పాలగ్రంథులూ పీచు కణజాలమూ తెల్లగా పడతాయి. కేన్సర్ గడ్డా తెల్లగానే పడుతుంది. కొవ్వు ఎక్కువున్న రొమ్ములో గడ్డ నల్లని నేపథ్యంలో ఇట్టే కనిపిస్తుంది. గ్రంథులు దట్టంగా ఉన్న రొమ్ములో అదే గడ్డ సున్నం కొట్టిన గోడ మీద ముగ్గుపిండి మరక. రిపోర్టులో ‘డెన్స్ బ్రెస్ట్’ అని రాసేది దీన్నే. ఏ నుంచి డీ దాకా నాలుగు తరగతులుంటాయి. సీ, డీ దట్టమైనవి. అమెరికా లెక్కల ప్రకారం 40 దాటిన మహిళల్లో దాదాపు సగం మంది ఈ రెండింటిలోకే వస్తారు కాబట్టి దీన్ని జబ్బనుకోనక్కర్లేదు. చేత్తో తాకి చూస్తే సాంద్రత తెలియదు, రొమ్ము గట్టిగా ఉన్నంత మాత్రాన దట్టమైనదని కాదు. ఫిల్మ్ చూస్తేనే తెలుస్తుంది. వయసు తక్కువైనకొద్దీ దట్టంగా ఉండటం ఎక్కువ. సాంద్రత కేన్సర్‌ను దాచడమే కాక, దాని ముప్పును కూడా కొంత పెంచుతుంది. 2024 సెప్టెంబర్ నుంచి అమెరికాలో మామోగ్రామ్ చేసిన ప్రతి మహిళకూ ఆమె రొమ్ము దట్టమైనదో కాదో చెప్పి తీరాలని అక్కడి మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధన పెట్టింది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన ఆడపడుచులకు ఇప్పుడు ఇంటికి వచ్చే ఉత్తరాల్లో ఈ వాక్యం ఉంటున్నది అందుకే. తెలిశాక ఏం చేయాలన్నది మాత్రం ఆ ఉత్తరం ఖచ్చితంగా చెప్పదు. చెప్పలేని కారణం ముందుముందు వస్తుంది.

3డీ మామో, అంటే టోమోసింథసిస్, కొత్త కిరణమేమీ కాదు. ఎక్స్‌రే గొట్టం విల్లులా కదులుతూ తక్కువ మోతాదులో చాలా బొమ్మలు తీస్తుంది, కంప్యూటర్ వాటిని పలచని పొరలుగా పేరుస్తుంది. ఒకదానిమీద ఒకటి పడి గడ్డలా భ్రమింపజేసే నీడలు దీనివల్ల విడిపోతాయి. రెంటికీ మధ్య తేడా ఉంది గానీ, ధర పట్టికలో కనిపించేంత లేదు. 2024లో, ఏ పరీక్ష ఎవరికి మేలో సిఫార్సు చేసే అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ మామూలు డిజిటల్ మామోనూ 3డీనీ రెండింటినీ స్క్రీనింగ్‌కు సరిపోతాయనే చెప్పింది.

అల్ట్రాసౌండ్: దట్టమైన రొమ్ములో దీపం, చిన్న రేణువుల దగ్గర చీకటి

ధ్వనికి గ్రంథి కణజాలం అడ్డు కాదు. తెల్లటి గ్రంథుల మధ్య చాలా కేన్సర్ గడ్డలు అల్ట్రాసౌండ్‌లో నల్లగా విడిపోయి కనిపిస్తాయి. తగిలినది నీటి గడ్డా, గట్టి గడ్డా అన్నది క్షణంలో తేలుతుంది. అందుకే 30 ఏళ్లలోపు అమ్మాయి గడ్డతో వస్తే ముందు అల్ట్రాసౌండే చేస్తారు. ముక్క పరీక్షకు (బయాప్సీకి) సూదిని గడ్డలోకి నడిపించేది కూడా ఎక్కువగా ఇదే. మరి స్క్రీనింగ్‌కు ఒక్క ఇదే ఎందుకు చాలదు? కాల్షియం రేణువులు దీనికి సరిగ్గా కనిపించవు. చేసేవారి చేతి మీద, ఓపిక మీద ఫలితం ఆధారపడుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, హాని లేని గడ్డలనూ అది ధారాళంగా చూపెడుతుంది.

ఈ చివరి మాటకు మంచి కొలమానం జపాన్‌లో దొరికింది. 40ల్లో ఉన్న దాదాపు 73 వేల మందిని రెండు గుంపులు చేశారు: ఒక గుంపుకు మామోగ్రామ్ మాత్రమే, రెండోదానికి మామోగ్రామ్‌తో పాటు అల్ట్రాసౌండ్. జె-స్టార్ట్ అనే ఈ ప్రయోగం ఫలితాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి. ఉన్న కేన్సర్లలో పట్టుబడినవి 77 శాతం నుంచి 91 శాతానికి పెరిగాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను సరిగ్గా ‘ఏమీ లేదు’ అని పంపగలిగిన శాతం మాత్రం 91.4 నుంచి 87.7కు పడిపోయింది. వెయ్యిమందికి లెక్కగడితే, అల్ట్రాసౌండ్ కలపడం వల్ల అదనంగా దొరికిన కేన్సర్లు సుమారు రెండు. కేన్సర్ లేకుండానే అదనంగా మళ్లీ పిలిపించుకున్నవాళ్లు సుమారు 37 మంది. ఈ బేరం లాభమా నష్టమా? రెండు కేన్సర్లు ముందే దొరకడం చిన్న విషయం కాదనేవారిది ఒక వాదన. 37 ఇళ్లలో వారాల తరబడి నిద్ర లేకపోవడం, కొందరికి అక్కరలేని సూది గుచ్చడం చిన్న విషయం కాదనేది ఇంకో వాదన. ఈ రెండు గుంపుల్లో మరణాలు ఎంత తేడాగా ఉంటాయో తేలితేనే ఏదో ఒక వాదన బరువెక్కేది.

ఎమ్మారై: అన్నిటికంటే పదునైనది, అందరికీ కానిది

పెరిగే కేన్సర్‌కు రక్తం కావాలి. దానికోసం పుట్టే కొత్త నాళాలు గట్టివి కావు, కారిపోతుంటాయి. గాడోలినియం ఉన్న డై నరంలోకి ఎక్కించి ఎమ్మారై తీస్తే, ఆ కారుడు తెల్లగా మెరుస్తుంది. కణజాలం ఎంత దట్టమైనా దానికి అడ్డుకాదు. రొమ్ము కేన్సర్ ముప్పును బాగా పెంచే బీఆర్‌సీఏ జన్యుమార్పు ఉన్నవాళ్లకు, చిన్నప్పుడు ఛాతీకి రేడియేషన్ చికిత్స పొందినవాళ్లకు ఏటా ఎమ్మారై చేయాలన్నదానిలో పెద్దగా తగాదా లేదు.

తగాదా మామూలు ముప్పుతో దట్టమైన రొమ్ములున్నవాళ్ల దగ్గర మొదలవుతుంది. నెదర్లాండ్స్‌లో డెన్స్ అనే ప్రయోగంలో మామోగ్రామ్ బాగానే ఉన్నా రొమ్ములు అత్యంత దట్టంగా ఉన్న 40 వేల మందిలో కొందరిని అదనంగా ఎమ్మారైకి పిలిచారు. వాళ్లు కొలిచింది తెలివైన కొలత: రెండు స్క్రీనింగ్‌ల మధ్యకాలంలో తనంతట తానే బయటపడే కేన్సర్లు. స్క్రీనింగ్ కళ్లుగప్పినవి అవే మరి. మామోగ్రామ్ మాత్రమే ఉన్న గుంపులో అవి వెయ్యికి 5. ఎమ్మారైకి పిలిచిన గుంపులో 2.5. నిజంగా వెళ్లి చేయించుకున్నవాళ్లలో 0.8. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. అదే మొదటి విడతలో ఎమ్మారై చేయించుకున్న ప్రతి వెయ్యిమందిలో 95 మందిని మళ్లీ పిలిచారు, వాళ్లలో కేన్సర్ ఉన్నది 16, 17 మందికి. మిగతా 80 మందివి తప్పుడు హెచ్చరికలు. పిలిచినవాళ్లలో పది మందికి నలుగురు అసలు రానేలేదన్నది కూడా గుర్తుంచుకోదగ్గది. యంత్రంలో బోర్లా పడుకుని, చేతికి సూదితో, దడదడ శబ్దంలో అరగంట కదలకుండా ఉండటం అందరి వల్లా కాదు.

మామోగ్రామ్ ముందు అయోడిన్ డై ఎక్కించి తీసే కాంట్రాస్ట్ మామో ఇప్పుడు దీనికి పోటీగా వస్తోంది. సూత్రం అదే, నాళాల కారుడు. యంత్రం మాత్రం మామోగ్రఫీ గదిలోదే, కాబట్టి ఖర్చు తక్కువ. 2025లో లాన్సెట్‌లో వచ్చిన బ్రిటన్ ప్రయోగం బ్రెయిడ్‌లో, మామోగ్రామ్ బాగుందని తేలిన దట్టమైన రొమ్ములున్నవాళ్లలో అది వెయ్యికి 19 కేన్సర్లు అదనంగా పట్టింది. ఎమ్మారై 17, ఆటోమేటిక్ అల్ట్రాసౌండ్ 4. అయోడిన్ డైతో కొద్దిమందికి అలర్జీలొచ్చాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు చేసే పరీక్షలో అది లెక్కలోకి రావాల్సిందే.

థర్మల్ స్కాన్: పాత ఆశ, కొత్త చొక్కా

కేన్సర్ ఉన్నచోట రక్తప్రవాహం ఎక్కువ, కాబట్టి చర్మం కాస్త వేడెక్కుతుందన్నది దీని ఆధారం. 1970ల్లో అమెరికాలో రెండు లక్షల ఎనభై వేల మందితో నడిచిన భారీ స్క్రీనింగ్ ప్రాజెక్టులో దీన్ని కూడా మొదట చేర్చి, పట్టాల్సినవి పట్టడం లేదని మధ్యలోనే ఆపేశారు. మామోగ్రామ్ బదులు దీన్ని వాడొద్దని ఎఫ్‌డీఏ పదేపదే హెచ్చరించింది. ఇప్పుడు మన దేశంలో కృత్రిమ మేధ జోడించిన థర్మల్ పరికరాలు క్యాంపుల్లో కనిపిస్తున్నాయి. తాకకుండా, బట్టలు విప్పినా ఎవరూ చూడకుండా జరుగుతుంది కాబట్టి వచ్చేవారి సంఖ్య పెరుగుతుందన్న వాదనలో పస ఉంది. మరణాలు తగ్గించిందని చూపిన ప్రయోగం మాత్రం ఒక్కటీ లేదు. పెద్ద పరీక్షకు ఎవరిని పంపాలో వడగట్టే సాధనంగా చూడటం ఒకటి, ‘నార్మల్’ అని కాగితం చేతికిచ్చి ఇంటికి పంపడం ఒకటి. రెండోది ప్రమాదం.

ఎక్కువ దొరికితే ఎక్కువ మేలేనా?

ఇప్పుడు లెక్క. అంకెలు సులువుగా ఉండేందుకు ఊహించినవి. 50ల్లో ఉన్న వెయ్యిమందిలో ఐదుగురికి కేన్సర్ ఉందనుకుందాం. పరీక్ష ఉన్నవాటిలో 80 శాతం పడుతుంది, లేనివాళ్లలో 90 శాతాన్ని సరిగ్గా పంపేస్తుంది. నలుగురు దొరుకుతారు, ఒకరు తప్పిపోతారు. మిగతా 995లో వందమంది దాకా అనవసరంగా మళ్లీ రావాల్సి వస్తుంది. అంటే ‘మళ్లీ రండి’ అని ఫోన్ వచ్చిన 104 మందిలో నిజంగా కేన్సర్ ఉన్నది నలుగురికి. అదే యంత్రాన్ని 30ల్లో ఉన్న, వెయ్యికి ఒక్కరికే కేన్సర్ ఉన్న గుంపు మీద వాడితే, వందమందిని కంగారుపెట్టి పట్టేది ఒక్కరిని, అదీ దొరికితే. యంత్రం మారలేదు, మనుషులు మారారు.

రిపోర్టులో అనుమానం ఎంతో చెప్పే బై-రాడ్స్ అంకెను చదవాల్సిందీ ఈ వెలుగులోనే. 0 అంటే ఏమీ లేదని కాదు, ఈ బొమ్మలు చాలలేదు, ఇంకోటి కావాలని. 1, 2 అంటే నిశ్చింత. 3 అంటే కేన్సర్ అయ్యే అవకాశం 2 శాతానికి మించదు. 4 దగ్గరే అసలు గందరగోళం: 2 నుంచి 95 శాతం దాకా ఏదైనా కావచ్చు, అందుకే దాన్ని ఏ, బీ, సీ అని విడదీస్తారు. 5 అంటే 95 శాతం పైన. 4 చూడగానే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి గానీ, 4ఏ వచ్చిన పదిమందిలో తొమ్మిది మందికి పైగా కేన్సర్ కాదు.

ఇంకో మెలిక ఉంది. ఒకామెకు 58 ఏళ్లకు గడ్డ తగిలి కేన్సర్ తేలింది, 63కు పోయిందనుకోండి: ఐదేళ్లు బతికినట్టు లెక్క. అదే కేన్సర్ స్క్రీనింగ్‌లో 55కే తేలి, చికిత్సకు లొంగక 63కే పోయుంటే ఎనిమిదేళ్లు బతికినట్టు లెక్క. పోయిన రోజు మారలేదు, గడియారం ముందు మొదలైందంతే. అందుకే ‘ముందే పడితే ఇన్నేళ్లు బతుకుతారు’ అన్న అంకెలను పరిశోధకులు ఒప్పుకోరు, మరణాల సంఖ్యే అడుగుతారు. ఎన్నటికీ ప్రాణం తీయని, నెమ్మదైన కేన్సర్లు కూడా స్క్రీనింగ్‌లో దొరుకుతాయి, వాటికీ ఆపరేషన్లు జరుగుతాయి. 2012లో బ్రిటన్ ఏర్పాటు చేసిన స్వతంత్ర నిపుణుల బృందం మామోగ్రఫీ స్క్రీనింగ్ రొమ్ము కేన్సర్ మరణాలను సుమారు 20 శాతం తగ్గిస్తుందని, కాపాడిన ఒక్కో ప్రాణానికి ముగ్గురికి అవసరం లేని చికిత్స జరుగుతుందని అంచనా వేసింది. ఈ అంచనా మీద ఇరువైపులా అభ్యంతరాలున్నాయి. స్వీడన్‌లో 1977లో మొదలైన ప్రయోగం మరణాలు 30 శాతం దాకా తగ్గాయంది. కెనడా ప్రయోగం 25 ఏళ్లు చూసి ఏమీ తగ్గలేదంది. దాని నిర్వహణలో లోపాలున్నాయని రేడియాలజిస్టులు ఇప్పటికీ పోరాడుతున్నారు.

ఏ వయసున మొదలుపెట్టాలన్నదానిలో దేశానికో మాట ఉన్నది ఇందుకే. అమెరికా టాస్క్‌ఫోర్స్ 2024లో 40 నుంచి 74 దాకా రెండేళ్లకోసారి అంది. అంతకుముందు 50 నుంచి అనేది. బ్రిటన్ 50 దాటాకే, మూడేళ్లకోసారి పిలుస్తుంది. దట్టమైన రొమ్ములకు అదనపు స్కాన్ సంగతి అడిగితే అదే టాస్క్‌ఫోర్స్, ఆధారాలు చాలవని ఊరుకుంది. ఇందాకటి ఉత్తరం మూగగా ఉండటానికి ఇదే కారణం: అల్ట్రాసౌండ్, ఎమ్మారై, కాంట్రాస్ట్ మామో ఎక్కువ పడతాయని రుజువైంది గానీ, మామోగ్రామ్‌కు వాటిని కలిపితే మరణాలు ఇంకా తగ్గుతాయని రుజువు కాలేదు.

మన దగ్గర లెక్క వేరు

మన దేశంలో 2022లో లక్షా 92 వేల మందికి కొత్తగా రొమ్ము కేన్సర్ తేలిందని, 98 వేల మంది మరణించారని ప్రపంచ దేశాల కేన్సర్ లెక్కలు కట్టే గ్లోబోకాన్ అంచనా. లక్షమందికి ఎందరన్నది చూస్తే అమెరికా రేటులో మూడోవంతు కంటే తక్కువ. కానీ దేశమంతా ఒకేలా లేదు. 2020లో వచ్చిన జాతీయ కేన్సర్ రిజిస్ట్రీ నివేదికలో రొమ్ము కేన్సర్ రేటు హైదరాబాద్ జిల్లాలోనే అన్నిటికంటే ఎక్కువ, లక్షకు 48. పైన వేసిన లెక్క ప్రకారం, బంజారాహిల్స్‌లో పనికొచ్చే పరీక్ష పాడేరులో అదే నిష్పత్తిలో పనికిరాదు.

‘మనవాళ్లకు పదేళ్లు ముందే వస్తోంది, కాబట్టి 30 నుంచే స్కాన్ చేయాలి’ అన్న మాట తరచూ వినిపిస్తుంది. ఆసుపత్రికి వచ్చేవారి సగటు వయసు తక్కువన్నది నిజం. అందులో కొంతభాగం మన జనాభాలోనే చిన్నవయసువాళ్లు ఎక్కువ కావడం వల్ల. లక్షకు రేటు చూస్తే 30ల్లో కంటే 50ల్లోనే ఎక్కువ.

ప్రభుత్వం 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఏ యంత్రమూ లేదు. 30 నుంచి 65 ఏళ్ల వారికి ఐదేళ్లకోసారి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త చేత్తో పరీక్షించాలి, అనుమానముంటే పైకి పంపాలి. ఇది బీదరికపు సర్దుబాటని కొట్టిపారేసేవారు ముంబయి ప్రయోగం చూడాలి. టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998లో మొదలుపెట్టి, 35 నుంచి 64 ఏళ్ల లక్షన్నర మంది మురికివాడల మహిళలను 20 ఏళ్లు గమనించింది. సగం మందికి, పదో తరగతి చదివి శిక్షణ పొందిన స్త్రీలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్ష చేశారు. ముదిరిన దశలో దొరికినవి 47 శాతం నుంచి 37 శాతానికి తగ్గాయి. 50 దాటినవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. 50 లోపువారిలో మాత్రం తేడా కనబడలేదు, అందర్నీ కలిపితే వచ్చిన 15 శాతం తగ్గుదల గణాంకపరంగా నిలబడలేదు. మామోగ్రామ్‌తో ముఖాముఖి పోల్చిన ప్రయోగం కాదిది, కాబట్టి చెయ్యే మేలని దీన్నిబట్టి అనలేం. గడ్డ కోడిగుడ్డంత అయ్యాకగానీ ఆసుపత్రికి రాని చోట, నిమ్మకాయంత ఉన్నప్పుడే పట్టడం వల్ల కూడా ప్రాణాలు దక్కుతాయని అనవచ్చు. ఈ చేతి పరీక్ష కూడా అందరికీ అందడం లేదు: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఒక్కరు కూడా లేరు.

మామోగ్రఫీ బస్సులు ఊళ్లకు పంపాలనేవారి వాదన మరోలా ఉంటుంది. చేతికి తగిలేదాకా ఆగితే చిన్న కేన్సర్లు ఎలాగూ తప్పిపోతాయి, నగరాల్లో స్థోమత ఉన్నవారికి దొరికే అవకాశం పల్లెకు ఎందుకు ఉండకూడదని. న్యాయమైన ప్రశ్నే. దానికి అడ్డుపడేది యంత్రం ధర ఒక్కటే కాదు. వందమందిని మళ్లీ పిలిస్తే, వాళ్లందరికీ అల్ట్రాసౌండ్, కొందరికి ముక్క పరీక్ష, దాన్ని చదివే పాథాలజిస్టు, ఆ తర్వాత సర్జన్ కావాలి. గొలుసులో ఒక్క కొక్కెం తెగినా ముందే పట్టడం వృథా. పోనీ ఆశా కార్యకర్త చేతికి చిన్న అల్ట్రాసౌండ్ ఇద్దామంటే, లింగ నిర్ధారణను అడ్డుకునే 1994 చట్టం కింద ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రమూ రిజిస్టర్ అయి, అర్హులైన వైద్యుల చేతిలోనే ఉండాలి. ఆ చట్టం అవసరమైనదే; రొమ్ము స్కాన్ దాని వలలో పడింది.

ఫిల్ములు చదివే మనుషుల కొరతకు కృత్రిమ మేధ జవాబంటున్నారు. స్వీడన్‌లో 80 వేల మందితో చేసిన మసాయి ప్రయోగంలో, 2023లో వచ్చిన తొలి ఫలితాల ప్రకారం, దాని సాయంతో ఫిల్ములు చదివే పని 44 శాతం తగ్గింది, కేన్సర్లు తగ్గకుండా దొరికాయి. అక్కడ ప్రతి మామోగ్రామ్‌నూ ఇద్దరు రేడియాలజిస్టులు చూసే పద్ధతి ఉంది, యంత్రం ఆదా చేసింది ముఖ్యంగా ఆ రెండో మనిషి సమయాన్ని. అనేక జిల్లాల్లో మొదటి మనిషే లేని మన దగ్గర అదే ఫలితం వస్తుందో లేదో తేల్చాలంటే, ఇక్కడి ఆడవాళ్ల ఫిల్ముల మీద, ఇక్కడి ఆసుపత్రుల్లో, మళ్లీ కొలవాల్సిందే.